తెల్ల కారు, ఎర్ర కారు, మా బావ అరచెయ్యి

సాయంత్రం ఏడున్నరకు వరంగల్‌లో అహ్మదాబాద్ రైలెక్కాను. సూరత్‌లో ఇరవై ఆరేళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మా బావ ఆ పని మానేసి పాత కారు కొంటానన్నాడు. వాళ్లుండే డిండోలి ఇళ్లలో ఆడవాళ్లు రాళ్లు అద్దిన చీరల మూటలను సలాబత్‌పురా మార్కెట్‌కు చేరవేస్తాడట. అక్క దాచుకున్నదంతా అందులోనే పెడుతోంది. రెండు బండ్లు చూసిపెట్టారు. ఏది మంచిదో తేల్చడానికి డ్రైవర్‌నని నన్ను పిలిచారు.

ఎదురు సీట్లో సూరత్‌లోనే లింబాయత్‌కు వెళ్తున్న ఒక పెద్దమ్మ సర్వపిండి పెట్టి, వెళ్లే పని అడిగింది. "సాంచాల మీద పనిచేసినోళ్లతోని జర ఎదురుంగ నిలబడి మాట్లాడు బిడ్డా" అంది. ఎందుకో నేను అడగలేదు.

మర్నాడు ఒంటిగంటకు సూరత్‌లో దిగి షేర్ ఆటోలో డిండోలి చేరాను. "గింత లేటాయె ఏంది" అని బావ గల్లీ అంతా వినపడేలా అడిగాడు. ఫోన్‌లోనూ ఇదే గొంతు. మా ఇంట్లో అందరం ఆయన్ని ఎప్పుడో కోపిష్టి కింద జమకట్టేశాం.

నాలుగింటికి ఉధ్నా దగ్గర పాత కార్ల యార్డుకు వెళ్లాం, అక్కతో సహా. తెల్లది పెట్రోలు: 998 సీసీ, 67 హార్స్‌పవర్, మెత్తని క్లచ్. ఎర్రది డీజిలు: 1405 సీసీ అయినా 53 హార్స్‌పవరే, బరువెక్కువ, స్టీరింగ్ మొండి. వెనక సీటు మడిస్తే ఎర్రదాంట్లో రెండు మూటలు ఎక్కువ పడతాయి, అంతే. నేను తెల్లదానికే ఓటేశాను. స్టార్ట్ చేసి, దిగి, బావను కూర్చోమన్నాను.

కూర్చోగానే ఆయన మళ్లీ తాళం తిప్పాడు. లోపల పళ్లచక్రాలు కర్రుమన్నాయి. అమ్మేవాడు తల పట్టుకున్నాడు.

"నడుస్తున్న బండిని మళ్లా స్టార్ట్ చేస్తవేంది బావా?"

ఆయన నా పెదవులకేసి చూశాడు. "బంద్ ఉన్నదనుకున్న."

సాంచా చప్పుడు ఆగిందంటే మగ్గం ఆగినట్టే. ఇరవై ఆరేళ్లు ఆయన నేర్చుకున్నది అది. అక్క నన్ను పక్కకు లాగింది. "సాంచాల మోతకు మూడేండ్ల సంది గిట్లనే వినవడ్తలేదు. ఊర్లె చెప్పకు తమ్మీ, బండి కొననియ్యరు."

నాకు సిగ్గేసింది. పెద్దమ్మ రైల్లోనే చెప్పింది కదా.

బావ తెల్లదాన్ని ఒక చుట్టు తిప్పాడు. ఇంజన్ గోల పెడుతున్నా రెండో గేరు వదల్లేదు. తర్వాత ఎర్రదాన్ని స్టార్ట్ చేయించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఎడమ దిక్కు ఊగు ఎక్కువున్నది" అన్నాడు. వంగి చూస్తే ఆ వైపు ఇంజన్ కింద రబ్బరు చీలి ఉంది. అంతకుముందు నేను చూసినప్పుడు నాకది దొరకలేదు. రబ్బరు మార్పించే ఒప్పందం మీద దాన్ని రోడ్డెక్కించాడు. స్టీరింగ్ వణుకును బట్టి ప్రతి గేరూ సమయానికి మార్చాడు.

"ఎర్రదే తీసుకో. కానీ చెవులకు మిషన్ పెట్టుకున్నాకే తాళం నీకిస్తా" అన్నాను, ఎదురుగా నిలబడి.

"మిషన్ సంగతి ఊర్లె ఎవలు చెప్తరు?" అన్నాడు బావ.

"నేనే చెప్త."

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. మిషన్ పదిరోజుల్లో వస్తుందన్నారు. డబ్బు కట్టి తెచ్చుకున్న ఎర్రదాని తాళం అక్క పుస్తెలతాడుకు కట్టుకుంది. పాత బండి చూడబోయేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: కాగితం మీది లెక్కలు చూశాక, నడిపేవాణ్ణి కూడా చూడండి.

మూడో రోజు మధ్యాహ్నం సికింద్రాబాద్ రైలు. తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను. కింద ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ బావ రైలుపెట్టె గోడకు అరచెయ్యి ఆనించాడు. "కదులుతున్నది, లోపలికి పో బామ్మర్దీ" అన్నాడు. నాకేమీ తెలియలేదు. మరుక్షణం రైలు కుదుపుతో కదిలింది.

ఉధ్నా దాటాక అమ్మకు ఏం చెప్పాలో తోచింది. ఈ మూడేళ్లూ ఫోన్‌లో అరిచినప్పుడల్లా ఆయన మన మాట కోసం వెతుక్కుంటున్నాడని చెప్పాలి.