వంతెన దాకా

ఉదయం ఆరుంపావుకు మా అబ్బాయి వాకిట్లో సైకిలు చక్రానికి గాలి కొట్టాడు. ఫిజీలోని ఈ నసీనులో మా ఇంటి ముందు నుంచే సువా బస్సులు పోతాయి గాని, వాడు పాఠాలు చెప్పే బడి లోపలి దారిలో ఉంది. గాలి కొట్టడం అయ్యాక పంపు తెచ్చి నా అరచేతిలో పెట్టి, "దేఖో మా, కేత్నా గరమ్ హోయ్ గయిస్," అని ఎంత వేడెక్కిందో చూడమన్నాడు. గొట్టం కింది కొస నిజంగానే కాలుతోంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వదిలితే చల్లబడుతుంది అని తెలుగులో చెప్పాను. వాడికి సగమే అర్థమైంది. నీకెవరు చెప్పారని అడిగాడు. సింహాద్రి మావ అన్నాను. ఆ పేరు వాడు ఎప్పుడూ వినలేదు. వాడు వెళ్లిపోయాక చేతిలో వేడి చల్లారేదాకా మెట్ల మీదే కూర్చున్నాను.

సింహాద్రి మావ నాకు బంధువు కాడు. పడమటి తీరాన ఒక పంచదార మిల్లు వర్క్‌షాపులో కమ్మరి మేస్త్రీ. నేను అక్కడ నీళ్లు మోసేదాన్ని. ఇద్దరం గిరిమిట్టు మీద, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందానికి వేలిముద్ర వేసి, ఓడెక్కి వచ్చినవాళ్లమే. నా భర్త ఫిజీలో దిగిన మొదటి వానాకాలంలోనే జ్వరంతో పోయాడు. ఒంటరి ఆడది చెరుకు తోటలో సర్దార్లనే కూలీ మేస్త్రీల చేతికింద పనిచేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. సింహాద్రి మావ ఇంజనీరు దొర దగ్గరికి వెళ్లి నన్ను వర్క్‌షాపు నీళ్లపనిలో వేయించాడు. నన్ను తన చెల్లెలి కూతురని చెప్పి ఉంటే పని సులువయ్యేది. ఆయన అలా చెప్పలేదు. ఈమె నాకేమీ కాదు, కానీ కొలిమి దగ్గర మనుషులకు దాహం వేస్తుంది అని చెప్పాడు. మావా అని పిలవడం నేను తర్వాత మొదలుపెట్టాను. ఆయన వద్దనలేదు.

ఆయన భార్య పైడమ్మ. విజయనగరం వైపు ఒక సంతలో ఏజెంటు మాటలు నమ్మి ఆయన ముందు వచ్చాడు. పంచదార జల్లెడ పట్టే పని, నీడపట్టున ఉంటారు, సంక్రాంతికి వచ్చి పోవచ్చు అని ఆ ఏజెంటు చెప్పాడట. మనిషి జాడ లేకపోయేసరికి మరుసటి ఏడు ఆమె వెతుక్కుంటూ అదే ఏజెంటు దగ్గరికి వెళ్లి ఓడెక్కింది. కంపెనీ ఆమెను ఎగువ ఎస్టేటుకు కేటాయించి, అక్కడి లైన్లలో, అంటే కూలీల వరస గదుల్లో, ఉంచింది. మిల్లు నుంచి కొండల వైపు వెళ్లే చెరుకు రైలు పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. మిల్లుకు కమ్మరి కావాలి, ఎస్టేటుకు కూలీలు కావాలి కనుక ఇద్దరిలో ఎవరినీ కదపలేదు. ఆదివారం చీకటితో నడక మొదలుపెడితే చేరేసరికి పొద్దు వాలుతుంది, సోమవారం పొద్దున గంట కొట్టేసరికి మళ్లీ పనిలో ఉండాలి. చెరుకు రైలు ఎక్కడానికి కూలీలకు వీల్లేదు. ఒకే దారిలో మొగుడు ఈ కొసన, పెళ్లాం ఆ కొసన.

ఎండాకాలంలో ఆవిరి ఇంజన్ల నిప్పురవ్వలు పడి చెరుకు తగలబడేది. నిప్పు లేని బండి చేస్తానని ఇంజనీరు దొర పూనుకున్నాడు. గనుల్లో అలాంటివి చూశాడట. పాత ట్రాలీ మీద రివెట్లు కొట్టిన ఇనుప ట్యాంకు, దానికి ఒక చిన్న ఇంజను. మిల్లు నడిచేటప్పుడు పంపుతో ట్యాంకులోకి గాలి నొక్కి నింపుతారు. ఆ గాలే ఇంజనును తోస్తుంది. బొగ్గు లేదు, పొగ లేదు. టపాలు, మందులు ఎస్టేటుకు చేరవేయడానికి పనికొస్తుందని దొర ఆలోచన. బాయిలరు లేని బండికి తెల్ల డ్రైవరు అక్కర్లేదు, ఎస్టేటు దాకా పోయేలా చేస్తే నువ్వే నడుపుదువు అని సింహాద్రి మావతో అన్నాడు. ఆ మాట అన్నాక మావ కొలిమి దగ్గర పాట మానేశాడు. ఆయన పాడటం మానేస్తే ఏదో ఆశ పడుతున్నాడని మేము తెలుసుకునేవాళ్లం.

మొదటిసారి నడిపిన రోజు వర్క్‌షాపు మొత్తం బయటికి వచ్చింది. బండి పెరడు చుట్టూ రెండు చుట్లు తిరిగింది. ఆగాక చూస్తే, గాలి బయటికి వచ్చే గొట్టం మూతి చుట్టూ తెల్లగా పేరుకుని ఉంది. మాలో ఎవరూ మంచు చూసినవాళ్లం కాము. ఫిట్టరు రాములు వంగి చూసి, "ఒలమ్మో, పంచదార కారతంది!" అని అరిచాడు. నాలుక ఆనించి వెంటనే వెనక్కి దూకాడు. "తీపి నేదు! కరిసేసింది!" వెనక నుంచి ఎవరో, "ఆ ఏజెంటుగాడు జల్లెడ పట్టమన్న పంచదార ఇదేరా," అన్నారు. నవ్వి నవ్వి కొందరు నేల మీద కూర్చున్నారు. సింహాద్రి మావ నవ్వలేదు. గొట్టం మీద వేలు పెట్టి చూసి, "ఇదే మనల్ని ఆపుతాది," అన్నాడు.

అలాగే జరిగింది. ఫిజీ గాలిలో తడి ఎక్కువ. ట్యాంకులో గాలి ఇంకా ఉండగానే గొట్టం మంచుతో పూడుకుపోయి బండి నిలబడిపోయేది. మధ్యాహ్నపు ఎండలో మా చెమటలు కారుతుంటే ఇంజను చలికి చచ్చిపోయేది. ఇంజనీరు దొర గొట్టం వెడల్పు చేయించాడు. ఒక డబ్బాలో మరిగే నీళ్లు తీసుకెళ్లి మూతి మీద పోద్దామని మావ అన్నాడు, దొర సరేనన్నాడు. నీళ్ల పని నాది కనుక గోనెసంచులు చుట్టిన కిరసనాయిలు డబ్బా పెట్టుకుని నేనూ బండి మీద కూర్చున్నాను. అలా కొంచెం కొంచెంగా దూరం పెరిగి సగం దారిలో ఉన్న వంతెన దాకా వెళ్లగలిగాము. తిరిగి రావడానికి గాలి అక్కర్లేదు. మిల్లు వైపు అంతా పల్లమే, బ్రేకు పట్టుకుంటే బండి తనంతట తాను దిగుతుంది. సాయంత్రం దొర పైపు కాల్చుకుంటూ, "కేత్నా దూర్ గయా, సిమాద్రి?" అని ఎంత దూరం పోయిందో అడిగేవాడు. "పుల్ తక్, సాబ్." వంతెన దాకా. ఎప్పుడూ అదే జవాబు. ఒకసారి వంతెన దాటి నాలుగు బారలు వెళ్లింది. ఆ రోజు కూడా మావ వంతెన దాకా అనే చెప్పాడు.

పట్టాల మీద చెరుకు రైళ్లు ఉండవు కనుక ఈ పరీక్షలన్నీ ఆదివారాలే. వంతెన ఎగువ ఎస్టేటుకు హద్దు. అక్కడి దాకా రావడానికి పైడమ్మకు పాసు, అంటే కంపెనీ అనుమతి చీటీ, అక్కర్లేదు. బండి అక్కడే ఆగుతుందని తెలిశాక ఆమె కొండ దిగి వచ్చి వంతెన మొదట్లో నిలబడేది. ఆకులో ఉడికిన కసావా దుంప, ఉప్పు, రెండు మిరపకాయలు తెచ్చేది. ఇంత దూరం నడిచొచ్చి ఇంకా నిలబడతావెందుకు, ఆ గట్టు రాయి మీద కూర్చుంటే మావే నీ దగ్గరికి వచ్చేవాడు కదా అని నేనంటే, "మనోడు వత్తన్నాడంటే కూకుంటారేటే? ఎదురెల్లాల," అంది.

ఒక ఆదివారం వాళ్ల మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

"ఏటి, ఇయ్యాల కూడా ఇక్కడేనా?"

"ఇక్కడే."

"వొచ్చే వారం మా లైన్ల కాడికి వత్తాదా?"

"వంతెన దాకా వత్తాది. ఆ పైన సెప్పలేను."

"వత్తాదని ఒక్క మాటంటే నీ నోరరిగిపోద్దా? అబద్ధమైనా సరే. వారమంతా దాన్ని పట్టుకుని ఉంటాను."

"అబద్ధం పట్టుకునే గదే సముద్రం దాటినాం."

ఆమె నా వైపు తిరిగి, "సూడే పారమ్మా, ఇనుముతో కాపురం సేసి సేసి ఈ మడిసి ఇనుమైపోనాడు," అంది. చేత్తో మాత్రం ఆయన భుజం మీది మసి తుడుస్తూనే ఉంది. కథలు రాసేవాళ్లు ఇక్కడ చంద్రుణ్ణో కోయిలనో తెస్తారు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. దోమలు కుడుతున్నాయి.

తర్వాత ఒక ఆదివారం వంతెన మీద ఎవరూ లేరు. డబ్బాలో నీళ్లు చల్లారాయి. మావ కాసేపు కొండదారి వైపు చూసి, బండి దిగి, తలగుడ్డ బిగించుకున్నాడు. వంతెన దాటితే ఆయనకు పాసు కావాలి. లేకుండా దొరికితే కోర్టు, జైలు.

"నువ్వు బండి దింపేయ్."

"నాకు రాదు మావా."

"ఇన్నాల్లూ పక్కనే కూకుని సూసినావు గదా."

"సూడ్డం వేరు."

"వేరే. అందుకే సెప్తన్నాను, ఇను. వంపు కాడ ముందే బ్రేకు తిప్పు. సక్రాలు అరుత్తాయి, అరవనీ. సెయ్యి మాత్తరం తియ్యకు."

"బోల్తా పడితే?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "పడదని సెప్పలేను. పట్టుకుంటే ఆగుతాది. అది తెలుసు." అని వెళ్లిపోయాడు. ఒకసారి కూడా వెనక్కి చూడలేదు.

బ్రేకు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నేను ఆ బండిని కిందికి తెచ్చాను. వంపు దగ్గర చక్రాలు అరిచిన అరుపుకు పక్క తోటలో గుర్రాలు బెదిరి పరిగెత్తాయి. నా చీర కొంగు ఎగిరి ముఖానికి చుట్టుకుంది, దాన్ని తీయడానికి చేయి ఎత్తలేదు. మిల్లు గేటు దగ్గర బండి ఆగాక వేళ్లు విడదీయలేకపోయాను. రాములు వచ్చి ఒక్కొక్కటిగా విప్పాడు. "మేస్త్రీ ఏడే?" అన్నాడు. నాకు తెలియదు అన్నాను. ఎక్కడ ఉన్నాడో నాకు నిజంగా తెలియదు.

మంగళవారం ఎస్టేటు మనుషులు ఆయన్ను వెంటబెట్టుకుని దింపారు. నేను నీళ్ల ముంత ఇచ్చి, అత్త ఎలా ఉందని అడిగాను. "నేదు," అన్నాడు. పోయిందనుకుని ఏడవబోయాను. "బతికే ఉంది. లంబాసా పంపేసినారంట, పోయిన బుధవారం ఓడలో. అక్కడ మనుసులు సాల్లేదంట." అంటే సముద్రం అవతల, ఇంకో దీవికి. మాకు ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. ఆమె ఆ లైన్లో వదిలి వెళ్లిన ఈతచాప మీద ఒక రాత్రి కూర్చుని వచ్చాడట. "దొరుకుద్దిలే మావా," అన్నాను. "నీకెలా తెలుసు?" అన్నాడు. కోపంతో కాదు. నిజంగా నాకు తెలిస్తే వినాలని అడిగాడు. నేను కుండ తీసుకుని బావి దగ్గరికి వెళ్లిపోయాను.

ఇంజనీరు దొర కోర్టులో ఆయన తరఫున మాట్లాడాడు గాని ఫలితం లేదు. జైలు వేశారు, ఆ రోజులు గిరిమిట్టుకు కలిపారు. గాలిబండిని కూడా ఆపేశారు. అందులో అన్యాయమేమీ లేదు. గాలి ఉచితమే గాని దాన్ని ట్యాంకులో నొక్కడానికి మిల్లులో కాలే చెరుకు పిప్పి చాలా ఎక్కువని, ఆవిరి ఇంజనుకన్నా అది ఏ విధంగానూ లాభం కాదని దొరే ఒప్పుకున్నాడు. ట్యాంకు పైభాగం కోసి లైన్ల దగ్గర వాననీళ్లకు పెట్టారు. మంచి బండి అని ఇప్పుడు నేను అనను. సగం దారి బండి. అయినా పైడమ్మత్త మిగతా సగం నడిచినంత కాలం అది సరిపోయింది.

గిరిమిట్టు తీరిన వారమే మావ లంబాసా ఓడకు బయలుదేరాడు. సుత్తి ఒకటి, బట్టల మూట ఒకటి. రేవు దాకా వెళ్లి, "మళ్లీ వస్తావా మావా?" అని అడిగాను. "లంబాసా దాకా ఎల్తాను. ఆ పైన సెప్పలేను." వస్తానని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. పైడమ్మత్త ఎందుకు అంత పట్టుబట్టి అడిగిందో ఆ రోజు అర్థమైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ అబద్ధం కోసం నా మనసు ఒక్కోసారి చేయి చాస్తుంది.

మొన్న ఒక పెళ్లిలో లంబాసా పక్కన బులిలేకా నుంచి వచ్చిన పెద్దాయన కలిశాడు. వాళ్ల వైపు సింహాద్రి అనే కమ్మరి ఉండేవాడని, కిందటేడు పోయాడని చెప్పాడు. భార్య ఉండేదా అని అడిగాను. "ఒక బుఢియా ఉండేది. పేరు నాకు తెలీదు బహిన్," అన్నాడు. ఎలా ఉండేది, ఏ ఊరి మాట మాట్లాడేది అని ఎంత అడిగినా ఆయనకు గుర్తు లేదు. ఇంటికి వచ్చి స్నానం చేసి, దీపం పెట్టి, మావకు ఒక ముద్ద తీసి పక్కన ఉంచాను. ఆ ముసలమ్మ పైడమ్మత్తే అని రాయాలని ఉంది. బులిలేకాలో ఒక ముసలమ్మ ఉండేదని మాత్రం రాస్తాను. నాకు తెలిసింది అంతే.

నా పిల్లలకు నేను తెలిసినంతే చెప్పాను. పరీక్ష పాసవుతానా అంటే చదివితే రాయగలవు అన్నాను. జ్వరం తగ్గుతుందా అంటే పక్కన కూర్చుంటాను అన్నాను. కటికదని వాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. ఇంకొకటి మాత్రం పైడమ్మత్త దగ్గర నేర్చుకున్నాను. మళ్లీ పెళ్లి చేసుకున్నాక మా ఆయన చెరుకు కోసి వస్తుంటే సంకలో బిడ్డతో కాలువ దాకా వెళ్లి నిలబడేదాన్ని. మా లైన్ల నుంచి వచ్చిన ఆడవాళ్లందరూ అలాగే దారి సగానికి వెళ్లేవారు. ఇప్పుడు మా వీధిలో అందరూ బస్సులో వచ్చి గేటు దగ్గర దిగుతారు. వచ్చేవాళ్లకు ఎవరూ ఎదురు వెళ్లడం లేదు.