కారం పోసిన కలం

మొన్న ఒంగోలు బస్టాండు ఎదుట టీ తాగుతుంటే, స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆ ముఖం మళ్లీ కనిపించింది. గడ్డం నెరిసింది, పేరు ముందు బిరుదొకటి పెరిగింది, చెయ్యి మాత్రం అలాగే పైకెత్తి దీవిస్తోంది. పరీక్షలు రాసే పిల్లలకు ఈసారి కంకణాలట. జేబులో కలం ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

ఆ కలం మా బావ చేసింది. బావంటే గుంటూరు నుంచి మార్టూరు మెట్టిన మా అక్క భర్త; అక్కడ గ్రానైటు పాలిష్ యూనిట్లకు విడిభాగాలు చేసిపెట్టే లేతు షెడ్డు ఆయనది. అణకువ ఆయన దరిదాపుల్లోకి ఎన్నడూ రాలేదు. మామూలు బోల్టు చేసినా వచ్చినవాడికల్లా చూపించి, "చూడు, ఇందులో నీ మొహం కనపడుద్ది" అనేవాడు. షెడ్డులో పని తగ్గాక కలాల పిచ్చి పట్టింది. తేనెపట్టులా ఆరు పలకల గదులున్న పల్చటి అల్యూమినియం రేకును గొట్టం చుట్టూ చుట్టి, అచ్చులో నిలబెట్టి, ఆ గదుల నిండా రంగు కలిపిన రెజిన్ జిగురు పోసేవాడు. బుడగలు నిలవకుండా గాలి ఒత్తిడి పెట్టే డబ్బాలో బిగించి, గట్టిపడ్డాక ఆ దిమ్మను లేతు మీద చెక్కేవాడు. ఉలి కాస్త మొద్దుబారితే చాలు, రేకు అంచు తగులుకుని దిమ్మ ముక్కలై షెడ్డంతా చిమ్మేది. అప్పుడాయన తిట్లు హైవే దాకా వినిపించేవి. పగలకుండా నిలిచినదానికి గ్రానైటుకు వాడే పొడితోనే మెరుగు పెట్టేవాడు. అంగట్లో దొరికే ఎరుపులేవీ ఆయనకు నచ్చలేదు. చివరికి ఇంట్లోని మిరపకారం కలిపి చూశాడు. వెండిలా మెరిసే ఆ గదుల్లో నిప్పుకణికల్లా కూర్చుంది. అక్క ఏనాడూ ఆ షెడ్డు గడప తొక్కలేదు గనక ఆ సంగతి ఆమెకు తెలియదు.

గుంటూరు అవతల పత్తిచేల మధ్య ఆశ్రమం కట్టుకున్న స్వామి మనిషి ఒకడు వచ్చి, అతిథులకు కానుకలని చెప్పి అట్టపెట్టెడు కలాలు చేయించుకుపోయాడు. బావ ఛాతీ రెండింతలైంది. కొన్నాళ్లకు ఆ ఆశ్రమానికి వెళ్లొచ్చిన అక్క, మనవరాలి పరీక్షల కోసమని పసుపు గుడ్డలో చుట్టిన కలం తెచ్చి దేవుడి గూట్లో పెట్టింది. హోమగుండంలో దానంతటదే పుట్టిందట. ఆ ఆరు కోణాలు యంత్రమట. ఎరుపు అమ్మవారి కుంకుమట. బావ గుడ్డ విప్పి చూశాడు. క్లిప్పు కింద తాను దాచలేకపోయిన బుడగ కూడా అక్కడే ఉంది. ఇది నేను చేసిందేనని చెప్పాడు. అక్క నమ్మలేదు.

"స్నానం చెయ్యకుండా ముట్టుకోమాకయ్యా" అంది.

ఇల్లు దోచిన దొంగ కూడా ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ లేడని చెప్పడు. ఈ స్వామి సొత్తునూ తీసుకున్నాడు, చేసిన చేతులనూ లేకుండా చేశాడు. అందుకే నాకు దొంగలంటే కొంత మర్యాద ఉంది. వాదప్రతివాదాల సభల్లో పెరిగినవాణ్ణి కాబట్టి, ఘాటైన వ్యాసం రాస్తాను, బహిరంగంగా సవాలు విసురుతాను అన్నాను. బావ చిరాకుపడ్డాడు.

"నీ రాతలు చదివేది నీలాంటోళ్లేరా. నాకు వాడు దగ్గాలి."

పరీక్షల ముందు ఆశీర్వాద సభ పెట్టారు. అక్క మొదటి వరసలో కూర్చుంది. గూట్లోని కలంతో, బల్ల మీద పెట్టుకునే చిన్న లేతుతో బావ ఆటోలో దిగాడు. జీవితంలో మొదటిసారి చేతులు కట్టుకుని, స్వామివారి కలానికి వారి ఎదుటే మెరుగు పెట్టే సేవ చేసుకుంటానన్నాడు. వాళ్లు మురిసిపోయి మైకుసెట్టు పక్కనే కరెంటు ఇచ్చారు.

"ఇందులో ఉంది కుంకుమేనాండీ స్వామీ?" అని అడిగాడు బావ.

"అమ్మవారి పాదాల కుంకుమ నాయనా" అన్నాడు స్వామి మైకులో.

బావ కావాలనే మొద్దు ఉలి ఆనించాడు. రాపిడికి రెజిన్ కాలింది, లోపలి కారమూ కాలింది. పక్కనున్న ఫ్యాను మొహాన్ని వేదిక వైపు తిప్పిన పుణ్యం నాది. ముందు స్వామి దగ్గాడు. ఆయన శిష్యులు దగ్గారు. ఆపైన జనమంతా. మాట పెగలకుండా, కళ్లనీళ్లతో మెలికలు తిరుగుతున్న ఆ మనిషిని చూస్తుంటే నాకు కలిగిన ఆనందం ఏ సిద్ధాంత గ్రంథమూ ఇవ్వలేదు.

కానీ వాడు గట్టివాడు. గొంతు సవరించుకుని, "చూశారా, ఘాటొచ్చింది. మీ పిల్లలకి దిష్టి లేదు" అన్నాడు. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాకపోతేనే దిష్టి ఉన్నట్టని మా వైపు నమ్మకం. దగ్గుతూనే జనం చేతులు జోడించారు. మా పని అయిపోయిందనుకున్నాను. వాళ్ల నమ్మకంతోనే మమ్మల్ని కొట్టాడు.

అప్పుడు ఆ ఘాటు ఎక్కడిదో పోల్చుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్క లేచింది.

"ఏవయ్యా, జాడీలో ఆవకాయ కారం తరిగిపోతందని నేను పనిమనిషిని సాధించుకు తింటన్నా. అది తీసింది నువ్వా?"

"నేనేనే."

"అయితే ఈ కలం?"

"మొన్నే చెప్పాగా. నువ్వు స్నానం చేసి రమ్మంటివి."

మొదటి వరసలో ఒకావిడ కిసుక్కుమంది. పక్కావిడకు అంటుకుంది. దగ్గుల మధ్య నవ్వులు, నవ్వుల మధ్య దగ్గులు. నా వాదనకైతే స్వామి బదులు చెప్పేవాడే. ఆవకాయ కారానికి ఆయన దగ్గర శ్లోకం లేదు. వేదిక వెనక నుంచి దిగిపోయాడు. ఆ ఏడు పత్తి తీతలు కాకముందే ఆశ్రమానికి తాళం పడింది.

అక్క మర్నాడే పనిమనిషికి క్షమాపణ చెప్పుకుంది. షెడ్డు గడప తొక్కి, కారం డబ్బా ఒకటి విడిగా పెట్టి, ప్రతి కలం మీదా ఆయన పేరు చెక్కాలని హుకుం జారీ చేసింది. బావ మాత్రం మెత్తబడలేదు. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా, "వాడు మళ్లీ ఎక్కడన్నా తేలాడంట్రా?" అని అడిగేవాడు. పోయేముందు చిన్న లేతునూ, నడుం దగ్గర కాలిన మచ్చ ఉన్న ఆ కలాన్నీ నాకు ఇప్పించాడు.

ఒంగోలు నుంచి రాగానే లేతుకు నూనె పెట్టాను. ఇంట్లోని టేబుల్ ఫ్యానుకు కొత్త వైరు వేయించాను. అక్కకు ఫోన్ చేస్తే, కారం కొత్తది దంచి ఉంచానంది. కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు. కావచ్చు, కానీ మేం గుంటూరు వాళ్లం, ఘాటు పోకుండా ఉండాలనే మిరపకాయల్ని చల్లటి గోదాముల్లో దాస్తాం.