అరిగిన కొలత పలక

బ్యాట్ల బాబాయి రోజూ పొద్దున్నే క్రికెట్ బ్యాట్లు చేసే తన కొట్టు తలుపు తీసి, పనిముట్లకు దణ్ణం పెట్టుకుని, కళ్లు మూసుకుని ఏదో ఒక చెక్కను వేళ్లతో తడిమేవాడు. "నాలుగు అంగుళాల మీద కాస్త ఉంటుంది" అని పైకే అనుకుని, ఆ తర్వాత స్కేలు పెట్టి చూసేవాడు. లెక్క తప్పితే, "ఇంకా నేర్చుకోమంటున్నాడు దేవుడు" అని నవ్వుకునేవాడు.

ఎదురింటివాళ్లం కదా, ఖాళీ దొరికితే వెళ్లి కూర్చునేదాన్ని. బ్యాటు గురించి అడిగితే ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

"వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదమ్మా. పిడితో కలిపి పొడవు ముప్పై ఎనిమిది. వీపు లావు అరవై ఏడు మిల్లీమీటర్లు, అంచు నలభై. ఆరో నంబరు బ్యాటంటే ఆరేళ్ల పిల్లలకని కాదు. నంబరు మనిషి ఎత్తును బట్టి."

"పొడవుకి అంగుళాలు, లావుకి మిల్లీమీటర్లా?"

"అత్తవారిది ఒక లెక్క, పుట్టింటివారిది ఒక లెక్క. కాపురం మాత్రం ఒక్కటే."

వెడల్పూ లావూ ఒకేసారి చూసుకోవడానికి, బ్యాటు అడ్డంగా కోస్తే కనిపించే ఆకారంలో కన్నం తొలిచిన చెక్క పలక ఒకటి ఆయన దగ్గర ఉండేది. బ్యాటు అందులోంచి జారితే సరి, ఇరుక్కుంటే మళ్లీ చిత్రిక పట్టాలి. కొన్నేళ్లుగా ఆయనకు అదే ప్రమాణం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ కొట్టాయన కూతురు, బాబాయి చేసిచ్చిన బ్యాటు చంకన పెట్టుకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. నేను మంచినీళ్లిచ్చాను.

"బాబాయ్, అంపైరు గారి ఇనుప పలకలో ఇది ఇరుక్కుంది. దొంగ బ్యాటంటున్నారు. నేనే చెక్క అతికించి అంచు లావు చేయించానట. మా కెప్టెన్ అక్క కూడా నమ్మలేదు."

"నా పలకలో దూరింది కదే తల్లీ."

"అయితే నీ పలకనే ఓసారి కొలువు."

బాబాయి స్కేలు తీసి కన్నానికి పెట్టాడు. అంచు దగ్గర నలభై రెండు. ఎన్ని వందల బ్యాట్లు రాసుకున్నాయో, కన్నం అరిగిపోయింది. అన్నిటినీ కొలిచిన మనిషి ఆ పలకను మాత్రం ఒక్కసారీ కొలుచుకోలేదు.

"రెండు మిల్లీమీటర్లంటే ఎంత బాబాయ్?"

"నీ మంచి పేరు పోయేంత" అని, ఆయన చిత్రిక అందుకున్నాడు. ఈసారి పలక ముట్టుకోలేదు. రెండు దూసి స్కేలు, రెండు దూసి స్కేలు. సాయంత్రానికి అంచు నలభై లోపలికి వచ్చింది.

మర్నాడు కొట్టు మూసి, ఆ పిల్ల వెంట తనే మైదానానికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. అంపైరు ఒకప్పుడు ఉత్తరాలు పంచిన పెద్దాయన. బ్యాటును ఇనుప పలకలోంచి రెండుసార్లు జార్చి చూశాడు.

"సరిగ్గా ఉంది. అమ్మాయిని ఆడమనండి" అని, తన కుర్చీ బాబాయి వైపు జరిపాడు.

బాబాయి కూర్చోలేదు. దూరంగా ఒంటరిగా ప్యాడ్లు కట్టుకుంటున్న పిల్లను చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"అయ్యా, ఒక్క సాయం చేయండి. టాసు వేసే ముందు రెండు జట్లనూ పిలిచి, నిన్నటి తప్పు బ్యాటు చేసినవాడిదని, ఆ పిల్లది కాదని చెప్పండి. నేను చెప్తే వెనకేసుకొస్తున్నాననుకుంటారు. మీరు చెప్తే నమ్ముతారు."