మా బావమరిది చూపించిన వీధి

మా బావమరిది నోరు తెరిచాడంటే మూయడు. ఆ నోటినే నమ్ముకుని గైడయ్యాడు. సముద్రం ఒడ్డున హోటళ్ల ముందు గైడ్లు కుప్పలుతెప్పలు. అందుకని మావాడు వేరే దారి పట్టాడు. అందరూ చూసేవి మీకెందుకండీ, ఎవరికీ తెలియని వీధి చూపిస్తాను రండి అంటాడు. ఆ వీధి మాదే. అందులో పుట్టి పెరిగినవాళ్లం ఎవరి లెక్కలోకీ రాము కాబోలు.

నేనూ మా ఆవిడా హోటళ్ల దుప్పట్లు ఉతికి ఆరేస్తాం. అద్దె ఇల్లు. వెనక పెద్ద దొడ్డి, నిండా ఎండ, ఇసుక గాలి రాకుండా ఎత్తు గోడ. ఆ దొడ్డి లేకపోతే మాకు పనే లేదు. పక్కనున్న మురికి కాలువ కంపుకి ఇంటాయన ఎప్పుడూ ఇటు తొంగి చూసేవాడు కాదు. మాకు కావలసిందీ అదే.

మావాడు జనాన్ని తోలుకురావడం మొదలుపెట్టాడు. మురికి కాలువని పూర్వం పడవలు తిరిగిన దారి అన్నాడు. నన్ను చూపించి, ఏడు తరాలుగా వీళ్లది ఇదే వృత్తి అని కోతలు కోశాడు. మా నాన్న బస్సు కండక్టరు. ఒక మహాతల్లి ఆరేసిన దుప్పటిని చెంపకి ఆనించుకుని, ఇంత స్వచ్ఛమైనది జన్మలో ముట్టుకోలేదని కళ్లు తుడుచుకుంది. అది ఆవిడ గదిలో దుప్పటే. దాని మీద ఆవిడ ఒలకబోసిన కాఫీ మరక వదిలించేసరికి మా ఆవిడకి రెక్కలు పడిపోయాయి. ఇప్పుడు ఆవిడ చెంపకి పూసుకున్న రంగు అంటింది, మళ్లీ ఉతికాం.

నాకు ఒళ్లు మండిపోయేది. మా ఆవిడ మాత్రం తమ్ముణ్ణి పల్లెత్తు మాట అననిచ్చేది కాదు. వాడూ బతకాలి కదా అనేది.

వాడు బాగానే బతికాడు. ఎవరికీ తెలియని వీధిలో నడవడానికి చోటు లేకుండా పోయింది. ఆ సందడి ఇంటాయన చెవిన పడింది. ముక్కు మూసుకోకుండానే వచ్చాడు, దొడ్డంతా కలయదిరిగాడు. ఇల్లు ఖాళీ చేయమని చాలా మర్యాదగా చెప్పాడు. వచ్చేవాళ్లకి గదులు కడతాడట. బట్టలారేసే తాళ్లు మాత్రం అలాగే ఉంచుతాడట, చూడముచ్చటగా ఉన్నాయట.

ఎక్కే గడప దిగే గడపగా తిరిగాం. దొడ్డి ఉన్న ఇల్లు దొరకడమంటే మాటలా? ఆఖరికి ఊరి అవతల ఒకటి కుదిరింది. సామాను సర్దుతుంటే బావమరిది వచ్చాడు. ఇలా అవుతుందనుకోలేదని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, ఆ మాట కాదనను. తరవాత ముక్కు చీదుకుని, బిందెలు నెత్తికెత్తుకుని అడిగాడు.

"కొత్త ఇల్లెక్కడక్కా? పద, నేనూ వస్తా."

మా ఆవిడ వాడి నెత్తి మీంచి బిందెలు దించింది. చెదిరిన జుట్టు సరిచేసింది.

"నా చేతి అన్నం తినాలనిపిస్తే ఫోన్ చెయ్యి, నేనే తెచ్చి పెడతా. ఇల్లు మాత్రం నీకు చెప్పనురా."