సంతోషమ్మ పూసల పొట్లం

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో సంతోషమ్మ ముప్పయ్యేళ్లుగా బట్టలు కుడుతోంది. ఆమెకు దారాలు, హుక్కులు, పూసలు అమ్మేది నేనే. ఒక్క రీలు కొనడానికి నలభై రంగులు కిందికి దింపిస్తుంది. అయినా ఆమె కుట్టిన రవికెకు వంక పెట్టినవాళ్లను నేను చూడలేదు.

ఆమెకో అలవాటుంది. పూసల పని చేసిన ప్రతి బట్టకూ, మిగిలిన పూసలు ఓ పది పొట్లం కట్టి, లోపల లైనింగుకు రెండు కచ్చా కుట్లతో తగిలిస్తుంది. రేపు ఏదైనా ఊడితే కుట్టుకోవడానికట.

"నా అంగట్లో దొరకవా?" అని అడిగాను.

"పోయిన నెల రంగు ఈ నెల ఉండదు గదా గురప్పా" అంది. నిజమే మరి.

ఆమె మనవరాలు మెర్లిన్ అయిదో తరగతి దాకా ఇక్కడే పెరిగి, తర్వాత ఢిల్లీ దగ్గర నర్సుగా ఉన్న తల్లి క్రిస్టినా దగ్గరికి వెళ్లింది. అక్కడ ఒక మాల్‌లో ఐస్ మీద స్కేటింగ్ నేర్చుకుంది. ఫ్రిజ్‌లో తప్ప ఐస్ ఎరగని వంశంలో అదో విడ్డూరం. ఈ ఏడాది, పద్నాలుగేళ్లకే, జూనియర్ల అంతర్జాతీయ పోటీలకు ఎంపికైంది. అవి వారానికో దేశంలో జరుగుతాయి. మెర్లిన్‌కు దక్కింది ఒక్కటే, లాత్వియాలో. మొదటి ఆటలో ముప్పై అయిదు మార్కులు దాటితే వచ్చే ఏడు మళ్లీ పంపుతామన్నారట.

గౌను అవ్వే కుట్టాలని పిల్ల పట్టుబట్టింది. ఆడేటప్పుడు గౌను నుంచి ఏది రాలినా ఒక మార్కు కోస్తారని క్రిస్టినా ముందే హెచ్చరించింది. అందుకే సంతోషమ్మ మూడొందల నీలం పూసలు చేత్తో కుట్టి, ఒక్కోదానికి మూడు ముళ్లు వేసింది.

పోటీ రోజు మధ్యాహ్నం పుంగనూరు నుంచి సుప్రియ అనే కొత్త పెళ్లికూతురు తన రవికె తెచ్చింది.

"కుప్పంలో రిసెప్షన్‌లో డాన్సు చేస్తాంటే నీ పొట్లం ఊడి పూసలన్నీ స్టేజీ మీద పడినాయమ్మా. మా మరిది జారి పడినాడు" అని ఒకటే నవ్వు.

సంతోషమ్మ నవ్వలేదు. కుట్టుమిషన్ వదిలేసి నేరుగా నా అంగటికొచ్చింది.

"మెర్లిన్ గౌనులో గూడా పొట్లం పెట్టినానప్పా. చేతి అలవాటు. తీసెయ్యమని చెప్పేది మరిచిపోతి."

నాకు ఒళ్లు మండింది. పూసలకు మూడేసి ముళ్లు, పొట్లానికి కచ్చా కుట్లా? స్కేటు కింద పూస పడితే పోయేది మార్కు కాదు, పిల్ల కాలు. కానీ ఆమె మొహం చూశాక ఆ మాట అనబుద్ధి కాలేదు. పిల్ల వెంట లాత్వియా వెళ్లిన క్రిస్టినాకు ఫోను చేస్తే కలవలేదు. మెసేజ్ పెడితే ఒక్క టిక్కే పడింది.

అయిదున్నరకు నా ఫోనులో యూట్యూబ్ పెట్టాం. నీలం గౌనులో మెర్లిన్ వచ్చింది. పిల్ల గాల్లోకి లేచినప్పుడల్లా సంతోషమ్మ నా మోచెయ్యి పిండేసింది. చివర్లో బొంగరంలా తిరుగుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. నాకూ మూసుకోవాలనే ఉంది, కానీ ఒకరైనా చూడాలి కదా.

ఏదీ రాలలేదు. ముప్పై అయిదున్నర మార్కులు, కోత సున్నా. ముప్పై మందిలో ఇరవై ఆరో స్థానం. "స్తోత్రం తండ్రీ" అంటూ ఆమె స్టూలు మీద కూలబడింది. నా ప్రాణం కూడా కుదుటపడింది. ఆ సంతోషంలో ఇద్దరికీ టీ తెప్పించాను.

గంట తర్వాత మెర్లిన్ నా ఫోనుకే వీడియో కాల్ చేసింది.

"పొట్లం యాడుండాదే?" అదే సంతోషమ్మ మొదటి మాట.

"నా బ్యాగులో ఉండాదవ్వా. గౌను వచ్చినప్పుడే ఎతికి తీసినా. చిన్నప్పట్నుంచి నువ్వు కుట్టిన క్రిస్మస్ గౌన్లన్నిట్లో ఉంటాది గదా, నాకు తెలీదా? నిన్న ప్రాక్టీసులో పడితే నాలుగు పూసలు ఊడినాయి. అందులోవే తీసి కుట్టుకొన్నా."

సంతోషమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ముళ్లు ఎన్ని ఏసినావు?" అంది.

"మూడవ్వా."

ఆమె ఫోను నా చేతికిచ్చింది. "ఇంగ దిగుల్లేదప్పా. ఆ నీలం పూసలు అయిపోకముందే నాకింకొంచెం తీసిపెట్టు. వచ్చే ఏడు గూడా పొట్లం పెట్టాల."