రామేశ్వర్ గారి మూడు బ్రౌజర్లు

చేవెళ్ల బస్టాండు పక్కన ఇరవై రెండేళ్లుగా స్టీలు గిన్నెలమ్ముతున్న రామేశ్వర్ జీవితంలో మహత్తర ఘట్టాలు తక్కువ. ఉన్న ఒక్కటీ మొన్న మంగళవారం ఆగి ఆగి నడిచింది.

ఆయన కిరాయికున్న దుకాణాన్ని పడగొడుతున్నారు. వర్తక సంఘం తన కొత్త సముదాయంలో దుకాణాలకు చీటీలు తీస్తూ దాన్ని ప్రత్యక్ష ప్రసారం చేస్తోంది. నంబరు పిలిచిన పది నిమిషాల్లో కంప్యూటర్‌లో ‘సమ్మతి’ నొక్కకపోతే ఆ దుకాణం ఇంకొకరిది. రామేశ్వర్ నంబరు నలభై ఒకటి.

వీడియోలో సంఘం అధ్యక్షుడి చెయ్యి డబ్బాలోకి వెళ్లి అక్కడే ఉండిపోయేది. మళ్లీ కదిలేసరికి ఆ చీటీ చదవడం అయిపోయి, చెయ్యి ఇంకో చీటీకి దిగేది.

“మనది పోయిందో ఏమో,” అన్నది భార్య అరుణాదేవి.

“జర మంచి మాట మాట్లాడు.”

పొద్దుటి నుంచీ ఇదే వరస కనుక, ఆ పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు లైనక్స్ ఎక్కించిన ఈశ్వరప్రసాద్‌ను మొయినాబాద్ నుంచి పిలిపించారు. ఆయన గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

“నెట్ బాగానే ఉందండీ. బ్రౌజర్ మార్చి చూశారా?”

“ఫైర్‌ఫాక్స్‌ల గిట్లనే ఉన్నది సార్, క్రోమియంల గిట్లనే. ఇగో, మూడోది ఎక్కిస్తున్న.”

మూడోది ఎక్కింది. వీడియో తెరవకముందే రామేశ్వర్ సెట్టింగుల్లోకి వెళ్లి, పూజకు ముందు కాళ్లు కడుక్కునే శ్రద్ధతో ఒక టిక్కు తీసేశాడు.

“ఏం తీశారండీ?”

“హార్డ్‌వేర్ యాక్సిలరేషన్. ఫాల్తు కరెంటు గుంజుతది గద సార్. ఏది ఎక్కించినా ముందు అది బంద్ చేస్త.”

ఈశ్వరప్రసాద్ ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టాడు.

“వీడియో ఆడించే చిప్పుకి సెలవిచ్చి, దాని చాకిరీ కూడా ప్రాసెసర్ నెత్తిన పెట్టారండీ. ముసలిది, అదేం చేస్తుంది పాపం!”

“మూడిండ్లు మారిన్రు సార్, రోగాన్ని జేబుల పెట్టుకొని,” అన్నది అరుణాదేవి.

టిక్కు పెట్టి, బ్రౌజర్ మూసి తెరిచారు. అధ్యక్షుడి చెయ్యి మనిషి చెయ్యిలా కదిలింది. ఆయన వెనక బోర్డు మీద నలభై ఒకటి అని రాసి ఉంది. దాని పక్కన, పిలిచిన సమయం 11:20. ఇక్కడ వీళ్ల గోడ గడియారంలో 11:28.

రామేశ్వర్ మౌస్ పట్టుకుంటే బాణం తెరంతా తిరిగింది.

“నొక్కండి!”

“నొక్కుతున్న సార్, అది ఒక్క తాన నిలుస్తలేదు!”

అరుణాదేవి ఆయన చేతిని తన చేత్తో అదిమి నొక్కించింది.

పచ్చటి అక్షరాలు వచ్చాయి: పదహారో దుకాణం, మెట్ల కింద.

“మెట్ల కిందనా? గంగాళాలు ఎట్ల పడ్తయి?”

“పట్టినయే పెడదాం,” అన్నది అరుణాదేవి, ఆయన చేతిని ఇంకా వదలకుండా. “మళ్ల నొక్కకుండ్రి.”