ఆగ్నేయంలో రేకు డబ్బీ

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, మా వైపు ఇళ్ళలో గోడలు ఒకచోట కుదురుగా ఉండేవి కావు. తెనాలి నుంచి రేపల్లె దాకా ఎక్కడ చూసినా వాస్తు పిచ్చే. నిక్షేపంలాంటి వంటిల్లు పడగొట్టి నాలుగడుగులు జరిపేవారు, మంచినీళ్ళ బావిని మూల తప్పిందని పూడ్చేసేవారు. వ్యాపారం దెబ్బతింటే వ్యాపారిని తప్ప ఇంట్లో ప్రతిదాన్నీ అనుమానించేవారు. ఇదంతా చూసి నేను పగలబడి నవ్వేవాణ్ణి. ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చి ఆరు నెలలైంది, తెనాలిలో మా మేనమామ షెడ్డులో పని. నట్టు బిగించడం ఇంకా మామ దగ్గర నేర్చుకుంటున్నా, లోకానికి సైన్సు నేర్పే బాధ్యత మాత్రం నాదేనని గట్టి నమ్మకం. (ఆ సైన్సు పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. షెడ్డులో ఎవరికీ చెప్పలేదు.)

రేపల్లెలో రైసుమిల్లున్న ఒకాయన్ని అందరం మిల్లు బాబాయి అనేవాళ్ళం. ఆయన మద్రాసులో ఎవరో వదిలించుకుంటున్న పాత జపాను స్పోర్ట్సు కారు కొన్నాడు. ఎర్రటిది, రెండే సీట్లు, కూర్చుంటే రోడ్డు మీద చతికిలబడ్డట్టే ఉంటుంది. బాబాయిని అందులోకి దింపడానికి ఒకరు, పైకి లాగడానికి ఇద్దరు కావాలి. నెల తిరక్కుండానే పెట్రోలు వాసన మొదలై, కారు మా షెడ్డుకి వచ్చింది. వెతగ్గా వెతగ్గా దొంగ దొరికాడు: పల్సేషన్ డ్యాంపర్. పేరు పెద్దదే గానీ ఉసిరికాయంత రేకు డబ్బీ. ఇంజనుకి పెట్రోలు వెళ్ళే గొట్టంలో పుట్టే అదురును అణచడం దాని పని. లోపలి పొర చిరిగితే పెట్రోలు బొట్లు బొట్లుగా వేడి ఇంజను మీద కారుతుంది. కారు తగలబడటానికి అంతకన్నా ఏం కావాలి? చేసిన మహానుభావులు దాన్ని గొట్టాలన్నిటి కిందా దాచారు. చెయ్యి పట్టాలంటే సగం ఇంజను విప్పాలి.

కొత్తది తెప్పించి అక్కడే వేసేస్తే గొడవే లేదు. కానీ నాలోని ఇంజనీరు ఊరుకోలేదు. "దీని చోటే మార్చేస్తానండి బాబాయిగారూ, చల్లగా, చెయ్యందేచోట పెడతాను" అన్నాను. నా ఆశ వేరే ఉంది. మిల్లు పక్కన ఆయనకి ఖాళీ షెడ్డు ఒకటుంది. కారు బాగుచేస్తే అందులో నన్ను సొంతంగా షాపు పెట్టుకోనిస్తానని మాటిచ్చాడు. బోర్డు మీద నా పేరు ఎంత పెద్దగా రాయించాలో కూడా అప్పటికే ఆలోచించేశాను.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "చోటు మారుస్తావా? సిద్ధాంతిగారిని అడక్కుండానా?"

బాపట్ల నుంచి వాస్తు సిద్ధాంతిగారు దిగారు. (మామ ఆ వారం పెళ్ళికి వెళ్ళాడు, లేకపోతే ముగ్గుర్నీ తరిమి ఉండేవాడు.) కారు చుట్టూ తిరిగి, టేపుతో కొలిచి, "పెట్రోలంటే అగ్ని. అగ్ని ఆగ్నేయంలోనే ఉండాలి" అని ముందువైపు కుడిమూల చూపించారు. సరిగ్గా అక్కడే ఇంజను పొగగొట్టం. బండి నడుస్తుంటే దాని మీద అట్టు పోసుకోవచ్చు. నేను మహా తెలివిగా, "కారు మలుపు తిరిగితే ఆగ్నేయం మారిపోదాండీ?" అన్నాను. ఆయన జాలిగా నవ్వారు. "బండి మొహం ఎటుంటే అదే దానికి తూర్పు, నాయనా. నువ్వు వెనక్కి తిరిగితే నీ కుడిచెయ్యి ఎడమచెయ్యి అయిపోతుందా ఏంటి?" నిజానికి నేను చెప్పాల్సింది ఒక్కటే ముక్క: అక్కడ వేడి, అంటుకుంటుంది. కానీ బాబాయి చూపు నా మీద, నా ధ్యాస మిల్లు పక్క ఖాళీ షెడ్డు మీద. "మీరెలా చెబితే అలాగేనండి" అని, రబ్బరు గొట్టాలు లాగి, కొత్త డ్యాంపర్ని పొగగొట్టం పక్కనే, కుంకుమబొట్టు పెట్టి మరీ బిగించాను.

మర్నాడు బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని రేపల్లెకి బయల్దేరాను. వేమూరు దాటకుండానే బానెట్ సందుల్లోంచి పొగ. ఎత్తి చూస్తే రబ్బరు గొట్టం మెత్తబడి కారుతోంది, మూల మంట లేచింది. నేను కేకలు పెట్టడం తప్ప ఏమీ చెయ్యలేదు. బాబాయి సీట్లోంచి లేవలేక "ఒరేయ్ ఇంజనీరూ, లాగరా!" అని అరుస్తున్నాడు. పక్క చేలో నాట్లేస్తున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఇద్దరు ఆయన్ని బయటికి లాగారు, మిగతావాళ్ళు దోసిళ్ళతో బురద కొట్టి మంట ఆర్పేశారు. వాళ్ళలో పెద్దావిడ లోపలికి తొంగిచూసి, "కిరసనాయిలు డబ్బా పొయ్యి పక్కన పెట్టిన మొనగాడెవరయ్యా?" అంది. చదువుకున్నావిడ కాదు, చూడగానే చెప్పేసింది. నేను కాలవ వైపు చూశాను. నా జన్మలో అంత సిగ్గు పడింది లేదు.

కబురందుకుని వచ్చిన సిద్ధాంతిగారు మాత్రం ఏమాత్రం తొణకలేదు. "ఆగ్నేయంలో పుట్టిన అగ్ని కాబట్టి గుప్పెడు మట్టికే శాంతించింది. ఇంకో మూలైతే మీరు మిగిలేవారా?" బాబాయి రెండు చేతులూ జోడించి, మళ్ళీ అక్కడే బిగించమని నాకు హుకుం జారీ చేశాడు. కారుని మిల్లుకి ఈడ్పించి, నేనూ అక్కడే మకాం పెట్టాను. ఆయన భోంచేసి కునుకు తీసే వేళ, మూడు మధ్యాహ్నాలు సగం ఇంజను విప్పి, మరో కొత్త డ్యాంపర్ని దాని పుట్టింట్లోనే కూర్చోబెట్టాను. చిరిగిన పాతదాన్ని కడిగి, రెండువైపులా మూసేసిన రాగిగొట్టాలు తగిలించి, ఆగ్నేయంలో అలంకారంగా నిలబెట్టాను. దానిలోకి పెట్రోలు చుక్క కూడా వెళ్ళదు. కారు బ్రహ్మాండంగా నడిచింది. సిద్ధాంతిగారికి పట్టుబట్టలు, నాకు షెడ్డు తాళంచెవి.

షాపు తెరిచిన రోజున మొదట వచ్చినాయన ధాన్యం వ్యాపారి. డీజిల్ జీపు ఆయనది, దానికి డ్యాంపరే ఉండదు. "మిల్లాయన కారుకి పెట్టావంట కదా, ఆ డబ్బీ నాక్కూడా పెట్టబ్బాయ్, ఆగ్నేయంలో" అన్నాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఒట్టు, చెప్పేద్దామనే తెరిచాను.

"ఏ రంగు వేయమంటారండీ?" అని వినిపించింది. గొంతు నాదే.

ఆ తర్వాత ఎన్ని జీపులకి, ఎన్ని ట్రాక్టర్లకి ఖాళీ డబ్బీలు బిగించానో గుర్తులేదు. నూనె చేతులు తుడుచుకుంటూ, మొహంలో ఎక్కడా నవ్వు కనపడనివ్వకుండా బానెట్లు మూసే ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సిద్ధాంతిగారు కనీసం తను చెప్పింది తను నమ్మేవారు, నాకు ఆ సాకు కూడా లేదు. అందుకే ఆ నవ్వు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది.